మంత్రిగారు మాకు మాట వెతికించిన వైనం

ఇకమీదట ఎవరినీ ‘దేశదిమ్మరి’ అని పిలవకూడదని సంచార సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రకటించారు. అది మరీ పాత మాట అనీ, వినేవాళ్ళ మనసు చివుక్కుమంటుందనీ, అలాంటి మాట తన హయాంలో ఇంకొక్క రోజు కూడా బతకడానికి వీల్లేదనీ మైకు ముందు బల్ల గుద్ది మరీ చెప్పారు. దాని బదులు గౌరవంగా ఉండే మాట ఒకటి వెతకడానికి కమిటీ వేశారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట పెరిగింది, దానికి అసలు అర్థం ఏమిటి, అన్నీ తేల్చుకున్నాకే వాడకంలోకి తెస్తారట. పిల్లనిచ్చే ముందు కూడా ఇంత వాకబు ఎవరూ చెయ్యరు. అంత జాగ్రత్త మనిషి మంత్రిగారు.

ఈ వార్త మాకు దర్జీ చదివి వినిపించాడు. అప్పుడాయన కత్తెర మా ఆయన చేతిలో ఉంది. సానరాయి మీద నిప్పురవ్వలు రాలుతున్నాయి.

“చూశావా తమ్ముడూ, ఇక నిన్నెవరూ ఏమీ అనడానికి లేదు,” అన్నాడు దర్జీ.

“ఇప్పుడు మాత్రం ఎవరన్నారన్నా? ‘సానబ్బాయ్, ఇటు రా’ అంటారు. పోతాను,” అన్నాడు మా ఆయన తొక్కడం ఆపకుండా.

మాది సాన పట్టే కుటుంబం. సైకిలుకి స్టాండు వేసి తొక్కితే ముందున్న రాయి తిరుగుతుంది. కత్తులు, కత్తెరలు, కొడవళ్ళు, మంగలిషాపు సామాను, ఏదైనా పదును పెడతాం. మాకు పదకొండు ఊళ్ళున్నాయి. ఒక్కో ఊళ్ళో ఒక్కో నెల. పన్నెండో నెల ప్రయాణాలకి సరిపోతుంది. ఏ ఊళ్ళో ఎవరి కత్తెర ఎప్పటికి మొద్దుబారుతుందో మా అత్తకి వేళ్ళ మీద ఉంటుంది. మేం వీధిలో కనిపిస్తే కేలెండరులో కాగితం తిప్పేవాళ్ళున్నారు.

అందరికీ అన్నీ బాగానే ఉన్నాయి గానీ పిల్లల చదువుకే చిక్కు. నేను కూడికలు ఒక ఊళ్ళో, తీసివేతలు ఇంకో ఊళ్ళో నేర్చుకున్నాను. హెచ్చవేతలు చెప్పే ఊరికి చేరేలోపు పెళ్ళి చేసేశారు. మా పాపకి ఏడేళ్ళు. ఏ బళ్ళో వేసినా ఆరో పాఠం దాకా వస్తుంది, అంతలో మేం మూటలు కడతాం. కొత్త బళ్ళో పంతులమ్మ “నీకేమీ రాదు, మొదటి నుంచి చదువు” అంటుంది. అలా మా పాపకి ఆరు పాఠాలు నిద్రలో కూడా వచ్చు. ఏడో పాఠంలో ఏముందో ఇంతవరకూ తెలీదు.

వార్త చివర చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. తిరిగే కుటుంబాల ఆడపిల్లల కోసం ఈ ఊళ్ళోనే కొత్తగా హాస్టలు బడి తెరుస్తున్నారు. పద్నాలుగు సీట్లు. ధ్రువపత్రం ఉన్నవాళ్ళకే సీటు.

“అన్నా, ఆ చివరిది మళ్ళీ చదవ్వా,” అన్నాను. ఆయన మూడుసార్లు చదివాడు.

మర్నాడు తలుపు తీయకముందే ఆ శాఖవాళ్ళ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. గుమాస్తాగారు ఎంతో మర్యాదస్తులు. ధ్రువపత్రాల కట్ట అప్పటికే అచ్చయి బల్ల మీద ఉంది. ముద్ర వేసి ఉంది, సంతకం కూడా అయిపోయింది. మధ్యలో ఒక్కచోట మాత్రం ఖాళీ వదిలారు.

“ఇక్కడ మాట రావాలమ్మా,” అన్నారు వేలు పెట్టి చూపిస్తూ. “‘వీరు ఫలానా కుటుంబమునకు చెందినవారు’ అని. ఆ ఫలానా ఏమిటో తేలాలి.”

“ఎప్పుడు తేలుతుంది సార్?”

“కమిటీ తిరుగుతోంది. మూడు దేశాలు. మాట పుట్టిన చోటికి వెళ్ళి చూడాలి కదా, ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది?”

“అయితే మేం మా తరవాతి ఊరికి వెళ్ళి, పని చూసుకుని వస్తామండీ.”

ఆయన కంగారుగా కుర్చీలోంచి లేచారు. “కదిలితే ఎలాగమ్మా? కమిటీ వచ్చి, తిరిగేవాళ్ళు ఏరీ అని అడిగితే నేనెవర్ని చూపించను? మీరు ఉన్నచోట ఉంటేనే మీరు తిరిగేవాళ్ళని రాయగలం.”

ఆ మాటలో న్యాయం ఉంది. మేం కదల్లేదు. గొడుగులు బాగుచేసేవాళ్ళు, చాపలల్లేవాళ్ళు, గిన్నెలకి మాట్లు వేసేవాళ్ళు, ఊరి బయట మైదానంలో గుడారాలు వేసుకున్న పద్నాలుగు కుటుంబాల వాళ్ళమూ కదల్లేదు. మా వంశంలో ఒకే ఊళ్ళో మూడు నెలలున్నది మేమే. రెండో నెల సగానికే ఊళ్ళో పదును లేనిది ఏదీ మిగల్లేదు. మా మొహం చూసి పాపం దర్జీ తన ఇనప స్కేలు తెచ్చి, “దీనికి కూడా కాస్త పట్టు తమ్ముడూ,” అన్నాడు.

తరవాతి ఊరి దర్జీ ఫోన్ల మీద ఫోన్లు. “ఏమయ్యా, మీకేమైనా అయిందేమోనని భయపడి చస్తున్నాం. ఎప్పుడూ తారీఖు తప్పలేదు కదా! నా కత్తెర గుడ్డని కొయ్యడం మానేసి నములుతోంది.”

“ప్రభుత్వం మమ్మల్ని వెతుకుతోందన్నా,” అన్నాడు మా ఆయన.

“ఏం చేశావురా నాయనా?” అని ఆయన టక్కున ఫోను పెట్టేశాడు.

బళ్ళు తెరవడానికి పన్నెండు రోజులుందనగా కమిటీ తిరిగొచ్చింది. పెద్ద హాల్లో సభ పెట్టారు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. కుర్చీల మీద ‘సంచారులు, కదలరాదు’ అని కాగితాలు అంటించారు. కమిటీ అధ్యక్షులు భాషలు చదువుకున్న ప్రొఫెసరుగారు. ముసలాయన, మెత్తటి మనిషి. వేదిక ఎక్కేముందు మా దగ్గరికొచ్చి అత్త పక్కన కూర్చున్నారు.

“మిమ్మల్ని మీరు ఏమని పిలుచుకుంటారమ్మా?” అని అడిగారు.

“నన్ను కోడలు అత్తా అంటుంది. దాన్ని నేను ఏమే అంటాను,” అంది మా అత్త.

“అది కాదమ్మా. మీరందరూ కలిసి. మీ బతుకుతీరుకి ఏదైనా పేరుంటుంది కదా.”

అత్త కొంగు సర్దుకుంది. “ఇంట్లో ఉండేవాళ్ళు ‘మేం ఇంట్లో ఉండేవాళ్ళం’ అనుకుంటారా బాబూ? మేమూ అంతే. ఏమీ అనుకోం.”

ప్రొఫెసరుగారి మొహం వెలిగిపోయింది. గబగబా పుస్తకంలో రాసుకున్నారు. తరవాత కాసేపు దానివంకే చూసి, దిగులుగా కొట్టేశారు. “దీనికి ఆధారం ఏ గ్రంథంలోదని అడుగుతారమ్మా,” అన్నారు.

వేదిక మీద ఆయన మాట్లాడింది నాకు సగమే అర్థమైనా, చెవికి హాయిగా ఉంది. ‘నోమాడ్’ అని ఒక మాట ఉందట. చాలా భాషలు దాన్ని వాడుకుంటున్నాయట. గ్రీకువాళ్ళ దగ్గర పుట్టిందట. పశువుల్ని తోలుకుని మేత కోసం తిరిగేవాళ్ళని అలా అనేవారట. “దాని వెనక ఇంకా పాత మూలం ఒకటుంది,” అన్నారాయన గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు. “పంచుకోవడం అని దాని అర్థం. ఎవరి వంతు మేత వాళ్ళకి. అంటే, గాలికి కొట్టుకుపోవడం కాదు. వంతు ప్రకారం, వేళ ప్రకారం తిరగడం.”

మా ఆయన నా వైపు చూశాడు. నాకు మా పదకొండు ఊళ్ళూ వరసగా కళ్ళ ముందు కదిలాయి. ఎన్నడూ మా ఊళ్ళు చూడని గ్రీకువాళ్ళకి మా సంగతి ఎలా తెలిసిందా అని ఒళ్ళు జలదరించింది.

అంతలో మంత్రిగారు మైకు తన వైపు లాక్కున్నారు.

“గడ్డి!” అన్నారు.

వెనక వరసలవాళ్ళు మెడలు చాచారు.

“విన్నారుగా! మేత అంటే గడ్డి. ఇన్నేళ్ళుగా ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేనిది మనం కనిపెట్టాం. వీళ్ళు దిమ్మరులు కారు. గడ్డిని అన్వేషించేవాళ్ళు. కాబట్టి ఈ రోజు నుంచి వీళ్ళు తృణాన్వేషులు!”

చప్పట్లు మోగిపోయాయి. ప్రొఫెసరుగారు చెయ్యెత్తారు. “అయ్యా, అది మొదట్లో ఉన్న అర్థం మాత్రమే. తరవాత తరవాత అర్థం పెరిగి, పని కోసం తిరిగేవాళ్ళు కూడా…”

“ప్రొఫెసరుగారూ, మీరు మూడు దేశాలు తిరిగింది మొదటిది కనుక్కోవడానికా, తరవాతది కనుక్కోవడానికా?”

“మొదటిది కనుక్కోవడానికేనండీ.”

“కనుక్కున్నారు. థాంక్యూ,” అన్నారు మంత్రిగారు. ఎంత చదువుకున్నవాళ్ళనైనా రెండు ముక్కల్లో కూర్చోబెట్టగలరు.

మర్నాడు ఆఫీసులో కట్ట ముందేసుకుని గుమాస్తాగారు ఖాళీల్లో ‘తృణాన్వేషి’ అని ఒకటే రాయడం. నా వంతు వచ్చింది.

“మీ ఇంట్లో గడ్డిని అన్వేషించేది ఎవరమ్మా?”

“ఎవరూ లేరండీ. మాది సాన.”

ఆయన కలం ఆగిపోయింది. “అలా అంటే ఎలాగమ్మా? రూలు స్పష్టంగా ఉంది. గడ్డి తినే ప్రాణి ఒక్కటైనా ఉండాలి. లేకపోతే మీరు అన్వేషించే గడ్డి ఎవరి కోసం?”

“సార్, పాప బడి కోసం సార్. ఇంకా పదకొండు రోజులే ఉంది సార్.”

“రేపు మైదానానికి వచ్చి చూస్తాను. ఏదో ఒకటి కనపడాలి. కనపడిందే రాస్తాను, అబద్ధం మాత్రం రాయను,” అన్నారాయన. గొంతు తగ్గించి, “మేకైనా చాలు,” అన్నారు.

ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ వీధి మలుపు కూడా దాటని మేకల పెద్దమ్మ ఒకావిడ ఉంది. వెళ్ళి సంగతి చెప్పాను.

“అన్నిట్నీ పంపను. చుక్కనిస్తాను, సాధువు. నీకొక్కదానికే కాదులే, పొద్దుటి నుంచి పదమూడు మంది వచ్చి అడిగారు. ఇంటికో పావుగంట. నా కొడవళ్ళు అన్నీ పదును పెట్టించు,” అంది.

“మొన్ననే పెట్టాం కదా పెద్దమ్మా.”

“నీ మేక కాదు, నా మేక,” అంది. మళ్ళీ పెట్టాం.

చుక్క నల్లటి మేక. నుదుటి మీద తెల్లటి మచ్చ. గుమాస్తాగారు వచ్చేసరికి గొడుగులవాళ్ళ గుడారం ముందు నిలబడింది. ఆయన అక్కడ రాసుకుని చాపలవాళ్ళ దగ్గరికి నడిచేలోపు, అది వెనక దారిన అక్కడికి చేరుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదోసారి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఈ మేక ఇందాక అక్కడ ఉన్నట్టుందే?”

“తిరుగుతుంది సార్,” అంది మా అత్త.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “తిరగాలి మరి. తిరిగితేనే కదా,” అని తృప్తిగా కూర్చుని కాగితం తీశారు. “తృణాన్వేషి పేరు?”

నేను పాప పేరు చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. “అబద్ధం రాయనని చెప్పానా లేదా? గడ్డిని అన్వేషిస్తున్నది ఎవరు? కళ్ళెదురుగా కనపడుతోంది కదా.”

నిజమే. చుక్క అప్పటికే మా గుడారం తాడు పక్క మొలకల్ని అన్వేషిస్తోంది.

“చుక్క,” అన్నాను.

“సంరక్షకురాలు?”

నా పేరు రాసుకున్నారు.

“ఆడా, మగా? ఆడ. గుర్తింపు చిహ్నం, నుదుట తెల్లమచ్చ. వయసు?”

మేకల పెద్దమ్మ గుంజకి ఆనుకుని, “రెండుసార్లు ఈనింది, రెండు ఈతలయ్యాయి,” అంది.

“ఈతలు కాదమ్మా, ఏళ్ళు కావాలి. పత్రం ఏ పనికి?”

“బడికి సార్,” అన్నాను.

“బడికైతే ఏడు నిండి ఉండాలి,” అని ఏడు వేశారు. “స్వభావం?”

“సాధువే. కోపమొస్తే పొడుస్తుంది,” అంది పెద్దమ్మ. ఆయన నిజాయితీపరులు. అది కూడా రాశారు.

ఆ రోజు సాయంత్రానికల్లా పద్నాలుగు ధ్రువపత్రాలు పద్నాలుగు కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. మూడు నెలలుగా పేరుకుపోయిన పని ఒక్క పూటలో తేల్చేశారు.

మా ఆయనకి చదవడం రాదు. నాకు కూడబలుక్కుంటే వస్తుంది. కాగితం ముందు పెట్టుకుని, వేలు జరుపుకుంటూ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకేలా ఉంది.

“పాప పేరు లేదు కదే,” అన్నాడు మా ఆయన.

“వయసు ఉంది,” అన్నాను. “నా పేరు ఉంది.”

“వెళ్ళి మార్చమని అడుగుదామా?”

“మార్చాలంటే కమిటీ మళ్ళీ బయల్దేరుతుంది,” అంది అత్త లోపల్నుంచి.

బడి తెరిచిన రోజు ఉదయం పాపకి తల దువ్వాను. సుద్దముక్క తడిపి నుదుటి మీద మచ్చ దిద్దాను.

“ఇదెందుకమ్మా?”

“ఈ బళ్ళో అందరికీ ఉంటుంది.”

“నా పేరు కూడా మార్చావుట. నాన్నమ్మ చెప్పింది. నాకు నా పేరే బాగుంది.”

“ఇంటికొచ్చినప్పుడు నీ పేరే. ఇక్కడ మాత్రం ఇది. ఇక్కడ నెల కాగానే మానెయ్యక్కర్లేదు. సంవత్సరమంతా ఉండొచ్చు.”

అది నా కళ్ళలోకి చూసింది. “ఏడో పాఠం చెప్తారా?”

“ఎనిమిదోది కూడా చెప్తారు.”

కాసేపు కాలితో నేల రాసింది. “సరే అయితే. చుక్కే,” అంది.

పెద్ద పంతులమ్మగారు పత్రం పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశారు. పేరు అడిగారు, చెప్పింది. నుదుటి మీద మచ్చ చూశారు, టిక్కు పెట్టారు. చివరి గడి దగ్గర ఆగి పాపని పైకీ కిందికీ చూశారు.

“కోపమొస్తే పొడుస్తావా?”

పాప నా వైపు చూసింది. “మానేసిందండీ,” అన్నాను నేను.

“మా బళ్ళో అలాంటివి కుదరవు,” అని రిజిస్టరులో రాసుకున్నారు. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది. ఆ పూట హాజరు పిలిచేటప్పుడు కిటికీ పక్కన నిలబడి విన్నాను. “చుక్కా!” అనగానే పద్నాలుగు మంది లేచారు. పంతులమ్మగారు చలించలేదు. ఒకటో చుక్క నుంచి పద్నాలుగో చుక్క దాకా అంకెలు వేసుకున్నారు. మా పాప తొమ్మిదో చుక్క.

మేం మా తరవాతి ఊరికి బయల్దేరాం. వారానికోసారి మాత్రం నేను బస్సెక్కి వచ్చి గేటు దగ్గర పాపని చూసి వెళ్ళేదాన్ని. మూడో వారం వెళ్ళేసరికి బడి ముందు కార్లు, షామియానా. మంత్రిగారు తాము మాట ఇచ్చిన పిల్లల్ని కళ్ళారా చూసుకోవడానికి వచ్చారు. తల్లిదండ్రుల్ని వెనక నిలబెట్టారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు. పద్నాలుగు నుదుళ్ళ మీద పద్నాలుగు మచ్చలు. ఆ క్రమశిక్షణకి మంత్రిగారు ముచ్చటపడిపోయారు.

“ఒకప్పుడు వీళ్ళని ఏమనేవారో నేను మళ్ళీ నోటితో అనను,” అన్నారు. “ఈ రోజు వీళ్ళకి ఒక మాట ఉంది. అర్థమున్న మాట. వీళ్ళకి మంజూరు చేసిన ఆహారం సక్రమంగా అందుతోందా?”

పెద్ద పంతులమ్మగారు కంగారుగా కాగితాలు తిప్పారు. వంటావిడ తలుపు చాటుకి తప్పుకుంది. పక్క హాస్టలు పిల్లల గిన్నెల్లోంచే ఇన్నాళ్ళూ మా పిల్లలకి తీసి పెడుతోందని నాకు తెలుసు. పాప చెప్పింది. ఎందుకలాగో మాత్రం ఆ రోజే తెలిసింది.

“మంజూరైంది చదవండి,” అన్నారు మంత్రిగారు.

“తృణాన్వేషి ఒక్కింటికి,” అని ఆవిడ గొంతు సవరించుకున్నారు, “రోజుకి నాలుగు కిలోల పచ్చిగడ్డి సార్.”

మంత్రిగారు నిదానంగా లేచి పిల్లల దగ్గరికి నడిచారు. సరిగ్గా మా పాప ముందు ఆగి, వంగి, బుగ్గ మీద చెయ్యి వేశారు.

“భయపడకుండా చెప్పు తల్లీ. నాలుగు కిలోలూ పెడుతున్నారా? ఒక్క పరక తగ్గినా నేను ఊరుకోను.”

పాప తల తిప్పి జనంలో నా కోసం వెతికింది. ఇప్పుడు కాదంటే ఈ బడి ఏమవుతుందో, ఏడో పాఠం ఏమవుతుందో, పద్నాలుగు చుక్కలూ ఏమవుతాయో! తల ఊపాను. ఊ అను తల్లీ, ఊ అను.

“పెడుతున్నారండీ,” అంది పాప.

“సరిపోతోందా?”

“సరిపోతోందండీ.” మా అత్త మనవరాలు కదా, ఊరుకోలేదు. “ఉప్పే కొంచెం తక్కువవుతోందండీ.”

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. పి.ఏ. వైపు తిరిగి, అక్కడికక్కడే ఉప్పు మంజూరు చేశారు.